గిన్నె మీద వేరొకరి పేరు

గోంగూర ఉడుకుతున్న వాసన, కిటికీలోంచి తడిసిన మట్టి వాసన. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న ఈ డార్విన్‌లో వానాకాలం మొదలైతే మా వంటింట్లోకి ఈ రెండూ కలిసే వస్తాయి, వాటి వెనకే రాజ్యం ఆంటీ గుర్తొస్తారు. మా పక్కింట్లో ఉండేవారు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉంటూ పెరడంతా గోంగూర, మునగ, బచ్చలి పెంచేవారు. డెబ్బై దాటిన ఒంటరి మనిషికి ఇంత కూర ఎందుకా అని నాకు మొదటినుంచీ వింతగానే ఉండేది.

ఒక ఏడు దక్షిణం నుంచి వచ్చే రోడ్డు వరదకు తెగిపోయింది. లారీలు ఆగిపోయి సూపర్‌మార్కెట్ అరలన్నీ బోసిపోయాయి. అంతకు కొంచెం ముందే నా కాంట్రాక్టు ఉద్యోగం పోయింది. మా ఆయన నర్సు, ఎప్పుడు చూసినా షిఫ్టుల్లోనే ఉండేవాడు. ఈ ఊళ్ళో నాతో ఎవరికీ పనిలేదనిపించి, హన్మకొండ వెళ్ళిపోతానని చెప్పేశాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. దానికే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ రోజుల్లో ఆంటీ కంచె మీదుగా ఒక స్టీలు గిన్నెలో గోంగూర పప్పు అందించారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఆ వారం మా నాలుకకు తగిలిన రుచి అదొక్కటే. గిన్నె శుభ్రంగా తోమి తిరిగిచ్చాను. ఆవిడ మూత తీసి చూసి, నా మొహంలోకి చూశారు.

"ఇదేంటమ్మా, ఖాళీ గిన్నె ఇస్తారా ఎవరన్నా?"

"ఇంట్ల ఏం లేదు ఆంటీ. షాప్‌లల్ల కూడా ఏం దొరుకుతలేదు."

"కాస్త పంచదారన్నా వెయ్యాలి. అదీ లేకపోతే నువ్వే రా. గోంగూర కొయ్యాలి, ఈ వానకి నా మోకాళ్ళు అస్సలు కోఆపరేట్ చెయ్యట్లేదు."

వెళ్ళాను. నేను కోశాను, ఆవిడ వండారు, కారు నేను నడిపాను. ఆసుపత్రి షిఫ్టులకు పోయేవాళ్ళ ఇళ్ళకు, కదల్లేని ముసలివాళ్ళ ఇళ్ళకు తిరిగాం. ఆంటీ అలవాటు వీధంతటికీ ఎప్పుడో అబ్బింది కాబోలు, గిన్నె ఎక్కడినుంచీ ఖాళీగా రాలేదు. వీధి చివరి గ్రీకు పెద్దాయన కోడిగుడ్లు పెట్టాడు. ఆయన పెరట్లోనూ గోంగూర ఉంది, ఎర్ర కాయలతో జామ్ చేసుకుని ఆకు పారేస్తాడట. ఆ మాట విని ఆంటీ ఆ పూటంతా బాధపడ్డారు. ఇంకొకరు చేప ముక్కలు పెట్టారు. పూర్తి శాకాహారి అయిన ఆంటీ గిన్నెను బారెడు దూరంలో పట్టుకుని, "ముందు ఇవి మీ ఆయనకి పెట్టెయ్. తర్వాత దీన్ని అరిగిపోయేదాకా తోము" అన్నారు. చాలా రోజుల తర్వాత పడీ పడీ నవ్వాను.

అలా తోముతుంటేనే, అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనిపించింది. మాణిక్యం. ఎవరని అడిగాను.

"మేం ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు పక్కింటావిడ. నాకు మొదటి కాన్పు, సాయానికి ఎవరూ లేరు. రోజూ దీన్లోనే అన్నం పంపింది. నేను తిరిగిచ్చేలోపే వాళ్ళు ఊరు మారిపోయారు, అడ్రస్ కూడా తెలీదు." ఆంటీ గిన్నె అందుకుని పమిటతో తుడిచారు. "సో, ఇంకా తిరిగిస్తూనే ఉన్నా."

ఇంత కూర ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. రోడ్డు బాగుపడి లారీలు వచ్చాయి. హన్మకొండ మాట నేను మళ్ళీ ఎత్తలేదు, మా ఆయనా గుర్తుచేయలేదు. ఉద్యోగం ఆ తర్వాత ఎప్పటికో దొరికింది. అప్పటికే ఇది నా ఊరైపోయింది.

రాజ్యం ఆంటీ కిందటేడు పోయారు. ఆఖరుసారి పంపిన గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తేనే దుఃఖం వచ్చేది. మొన్న ఎదురింట్లోకి కొత్త జంట దిగితే, దాన్లోనే పప్పు పోసి ఇచ్చొచ్చాను. నిన్న ఆ అమ్మాయి గిన్నెలో రెండు నిమ్మకాయలు వేసుకుని వచ్చింది.

"థ్యాంక్స్ ఆంటీ. మీ పేరు మాణిక్యమా?"

నన్ను ఆంటీ అన్నందుకు మనసులో కొంచెం గుచ్చుకున్నా, లోపలికి రమ్మన్నాను.

"కాదు. ఆమెకు ఇది మనం ఇంకా తిరిగియ్యాలె."