తీసుకోమనలేదు

కోల్బీ ట్యాకెట్ తండ్రికి పడమటి టెక్సస్‌లో టైర్ల కొట్టు ఉంది. కోల్బీ మునిసిపాలిటీ గోల్ఫ్ మైదానంలో, ఎండిన గడ్డి మీద ఆడి పెరిగాడు. కాలేజీ వాళ్లు పిలిచి మరీ సీటిచ్చారు. ఎవరి జోలికీ పోయే రకం కాదు. అలాంటివాణ్ణి ఏడాది పొడవునా పగతో కుతకుత ఉడికించినవాడు గ్రిఫిన్ లోక్‌వుడ్.

కిందటేడు కాలేజీ జట్ల జాతీయ ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. అది మనిషికి మనిషి ఆట: తక్కువ దెబ్బల్లో బంతి వేసినవాడిదే ఆ గుంట. బంతి గుంట పక్కనే ఆగితే, ఎలాగూ పడేదే కదా అని ఎదుటివాడు "తీసుకో" అంటాడు. కొట్టకుండానే పడినట్టు లెక్క. అదొక మర్యాద. ఆ రోజు గ్రిఫిన్ మర్యాద ఒలకబోశాడు, వాడి మర్యాద మండిపోనూ. ప్రతి గుంట దగ్గరా "తీసుకో బ్రదర్, తీసుకో" అనడమే. చివరి గుంట దగ్గర కోల్బీ బంతి జానెడు దూరంలో ఆగింది. కోల్బీ అలవాటుకొద్దీ వంగి, బంతి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను తీసుకోమనలేదే," అన్నాడు గ్రిఫిన్ మేఘాలకేసి చూస్తూ.

అంపైరు వచ్చి శిక్షగా ఒక దెబ్బ కలిపాడు. దాంతో గుంట పోయింది, ఆట పోయింది, జట్టు మొత్తానికి రావలసిన కప్పు పోయింది.

జట్టువాళ్లు ఒక్క మాట అనలేదు. ఊరివాళ్లు మాత్రం వదల్లేదు. 'జేబు కోల్బీ' అని పేరు పెట్టారు. టిఫిను తిని కూర్చుంటే హోటల్లో వడ్డించే లొరెటా ప్లేటు మీద చెయ్యేసి, "తీసేయనా నాయనా? నువ్వు చెప్పకుండా తీస్తే తప్పంటగా," అనేది. అందరితోపాటు కోల్బీ కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చి దిండు కొరికేవాడు. తప్పు తనదేనని వాడికి తెలుసు. అందుకే ఆ కడుపుమంట చల్లారలేదు.

ఈ ఏడు ఆరిజోనాలో మళ్లీ ఫైనల్, ఎదురుగా మళ్లీ గ్రిఫిన్.

"పాత గొడవ సంచీలో పెట్టేసి ఆడరా," అన్నాడు కోచ్ పికార్డ్.

"సంచీలోనే ఉంది కోచ్," అన్నాడు కోల్బీ.

మొదటి గుంట దగ్గర గ్రిఫిన్ బంతి బెత్తెడు దూరంలో ఆగింది. గ్రిఫిన్ తలెత్తి చూశాడు. కోల్బీ చేతి తొడుగు సర్దుకుంటున్నాడు.

"ఏం బ్రదర్, ఇది కూడా కొట్టాలా?"

"కొట్టు."

రెండో గుంట దగ్గరా అంతే, మూడో దాని దగ్గరా అంతే. తనకి గ్రిఫిన్ "తీసుకో" అన్నా వినిపించుకోకుండా కోల్బీ బంతిని గుంటలో పడేసే కదిలేవాడు. చూడవచ్చిన జనం గొణుక్కున్నారు. కోచ్ పక్కకి వచ్చి నడిచాడు.

"ఏరా, మరీ ఇంత కక్కుర్తా? అరచెయ్యంత దూరానికి కూడానా? టీవీలో జనం చూస్తున్నారు."

"చూడనివ్వండి. కిందటేడూ చూశారుగా."

ఎండ ముదిరింది. బెత్తెడేసి బంతుల కోసం వంగి వంగి గ్రిఫిన్ మొహం కందిపోయింది.

"మీ ఇంట్లో నీకు మర్యాద నేర్పలేదా?" అన్నాడు.

"నేర్పారు. నువ్వు మాన్పించావు."

చివరి గుంటకు వచ్చేసరికి ఇద్దరూ సమానం. జట్లూ సమానం. కప్పు ఎవరిదో ఈ ఇద్దరే తేల్చాలి. కోల్బీ తన బంతి గుంటలో వేసేశాడు. గ్రిఫిన్ బంతి దొర్లుకుంటూ వచ్చి బెత్తెడు దూరంలో ఆగింది. అది పడితే సమానం, ఇంకో గుంట ఆడాలి. పడకపోతే అయిపోయినట్టే.

గ్రిఫిన్ కోల్బీ వైపు చూశాడు. మేఘం ఒక్కటీ లేకపోయినా కోల్బీ ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఛీ, నువ్వూ ఒక మనిషివేనా," అంటూ గ్రిఫిన్ విసవిసా వచ్చి, సరిగా నిలబడనైనా నిలబడకుండా, ఒంటిచేత్తో కర్ర విదిలించాడు. బంతి గుంట అంచు చుట్టూ తిరిగి అవతల ఆగింది.

కోల్బీ జట్టువాళ్లు కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చారు. కోల్బీ వాళ్లవైపు తిరగలేదు. ప్రాణం హాయిగా ఉంది, ఏడాది తర్వాత మొదటిసారి. బంతినే చూస్తూ కొయ్యబారిపోయిన గ్రిఫిన్ దగ్గరికి వెళ్లి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"తీసుకో బ్రదర్, తీసుకో."

గ్రిఫిన్ వంగి దాన్ని తీసి జేబులో వేసుకునేదాకా కోల్బీ అక్కడే నిలబడి చూశాడు.