వాకిట్లో ఎనిమిది

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం లేదు. మా నాయన మోపెడ్ చప్పుడే మాకు గడియారం. తమిళనాడులో, ధర్మపురి నుంచి పాలకోడు పోయే దారిలో మా ఊరు. పొద్దు వాలి, ఎదురింటి మిద్దె నీడ మా గడప తాకే వేళకు ఆ చప్పుడు మలుపులో వినిపించేది. అది విన్నాకే నేను లేచి దీపం పెట్టేదాన్ని. ముందే పెడితే చీకటి పడిందని ఒప్పుకున్నట్టే గదా అని నా లెక్క.

అప్పటికి మా అమ్మ పోయి ఏడాది. నాకు తొమ్మిదేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. బడి నుంచి వచ్చాక నాయన వచ్చేదాకా కోళ్లతో మాట్లాడేదాన్ని. నా జోకులకు అవి నవ్వేవి కావు, అలాగని లేచి పోయేవీ కావు. తర్వాత నా జీవితంలో దొరికిన శ్రోతలందరి కంటే అవే మర్యాదస్తులు.

మా నాయన ధర్మపురిలో ఒక వ్యాపారి దగ్గర కారు డ్రైవరు. పొద్దున మోపెడ్ మీద పోయి, దాన్ని ఆ ఇంటి గోడకు ఆనించి, కారెక్కేవాడు. ఆయన జేబులో కారు లైసెన్సు ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉండేది. అంత పెద్ద కారు తోలే మనిషికి ఈ చిన్న బండి కోసం వేరే లైసెన్సు కావాలని ఆయనకు తెలియదు, మా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. ఏనుగునెక్కినవాణ్ణి మేకనెక్కగలవా అని ఎవరడుగుతారు?

ఒక శనివారం నాకు గౌను కొంటానని వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఊరు దాటి రెండు మైళ్లు పోయామో లేదో, పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నాయన ధీమాగా లైసెన్సు తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది నాలుగు చక్రాల బండిది, ఇక్కడ రెండే ఉన్నాయి, తక్కిన రెండు ఏవి అని తమిళంలో అడిగాడు. నాయన వంగి చక్రాల వైపు చూశాడు. నేను ఆయన వీపు వెనక నుంచి తల బయటికి పెట్టి, ఉతికి ఇంటి దగ్గర ఆరేసినాము సార్ అన్నాను. పోలీసాయన పగలబడి నవ్వాడు. లైసెన్సు తనే నాయన జేబులో దోపి, ముందు ఈ బండికి కూడా తీసుకో, పో అన్నాడు.

ఆ పూట మా ఇంటి పరువు కాపాడింది నేనేనని పొంగిపోయాను. నాయన మాత్రం బండి ఎక్కలేదు. నన్ను సీటు మీద కూర్చోబెట్టి, వెనక్కి తిప్పి, ఇంటిదాకా తోసుకుంటూ నడిచాడు. పండగనాడు ఊరేగే అమ్మవారిలా నేను పైన, చెమటలు కారుతూ ఆయన కింద. గౌను సంగతి మళ్లీ ఎత్తలేదు. బండిని కొట్టంలో పెట్టి, దాని మీద మా అమ్మ పాత చీర కప్పాడు.

సోమవారం నుంచి టౌన్ బస్సు. అది పిలిచిన ప్రతిచోటా ఆగేది, పిలవని చోట్ల కూడా ఆగేది. నాయన వచ్చేసరికి నేను గడప మీద కునికిపాట్లు పడుతుండేదాన్ని. నీడ గడప తాకేది, దాటేది, మాయమయ్యేది. కోళ్లు గూట్లోకి పోయేవి. చప్పుడు వినకుండానే దీపం పెట్టవలసి వచ్చేది. పక్కింటి అక్క అన్నానికి పిలిస్తే, "మా నాయన వస్తా ఉండాడు అక్కా, మలుపులో ఉండాడు" అని అబద్ధం చెప్పేదాన్ని. మలుపులో ఎవరూ ఉండేవారు కాదు. పోలీసే వదిలేసినప్పుడు ఈయనకేమని లోపల కోపం.

కొత్తగా బండి నేర్చుకునేవాళ్లకిచ్చే కాగితం తీసుకుని ఒక నెల ఆగితే గానీ పరీక్ష పెట్టరట. పరీక్ష రోజు కూరగాయల మండీ నుంచి ధర్మపురికి టమాటాలు తీసుకుపోయే టెంపోలో మోపెడ్‌ను ఎక్కించి, మేమిద్దరం బుట్టల మధ్య కూర్చుని పోయాం. మైదానంలో సున్నంతో పెద్ద ఎనిమిది గీసి ఉంది. కాలు నేలకు తగలకుండా దాని మీద బండి తోలాలి. మీసాలు కూడా రాని కుర్రాళ్లు చులాగ్గా తోలేశారు. ఇరవై ఏళ్లు కారు తోలిన మా నాయన రెండో మెలిక దగ్గర కాలు కింద పెట్టాడు.

కుర్రాళ్లు నవ్వారు. వాళ్లందరి కంటే గట్టిగా నేను నవ్వాను. పైగా, "నాయనా, బ్రేకు బండికుంది, నేలకు లేదు" అని అరిచాను. అందరూ మళ్లీ నవ్వారు. నాయన బండి దిగి, చొక్కా సర్దుకుని, వరసలోంచి పక్కకు జరిగాడు. మా వైపు చూడలేదు. మళ్లీ పరీక్ష రెండు వారాలకట. అందాకా బస్సే అని అప్పుడు గానీ నాకు వెలగలేదు.

ఖాళీ టెంపోలో తిరిగి వస్తుంటే మా మధ్య మోపెడ్. నేనే అన్నాను.

"పోలీసాయనే వదిలిపెట్టినాడు గదా. ఇంకేమి నీకు?"

"ఆయన నవ్వినాడు, వదిలినాడు. నేను రోడ్డు మీద పడితే లారీ నవ్వుతుందా పాపా? ఆ పొద్దు నువ్వు ఎనకాల కూర్చోనుండావు. నీకు నేను, నాకు నువ్వు. ఇంకెవురుండారు?"

ఆయన ఈ మాట బండి హ్యాండిల్‌తో చెబుతున్నట్టు చెప్పాడు. నేను ఎప్పటికీ ఒక్కదాన్నయిపోకూడదనే కొన్ని సాయంత్రాలు నన్ను ఒక్కదాన్ని వదిలాడు. ఆ భయం నాకంటే ఆయనకే ఎక్కువని ఆ టెంపోలో తెలిసింది.

మర్నాడు తెల్లవారుతుండగా పక్కింటి అక్క దగ్గర గిన్నెడు ముగ్గుపిండి అడిగి తెచ్చాను. అమ్మ పోయాక మా వాకిట్లో ముగ్గు పడలేదు. అడుగులు కొలుచుకుంటూ, వాకిలి నిండా ఎనిమిది వేశాను. నాయన లేచి వచ్చి గడపలో నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, "వంకరగా ఉండాది పాపా" అన్నాడు.

"నువ్వు తోలేదీ వంకరే గదా నాయనా, సరిపోతుంది."

అమ్మ పోయాక ఆయన నవ్వడం అప్పుడే విన్నాను. రోజూ పొద్దున నేను వేయడం, ఆయన చక్రాలతో చెరపడం, బస్సు వేళకు పరుగెత్తడం. కాలు కింద పెట్టినప్పుడు నేను నవ్వలేదు. కోళ్లు కూడా నవ్వలేదు, వాటికి అలవాటే. రెండు వారాలకు మైదానంలో నాయన ఎనిమిది పూర్తిచేశాడు. ఆ సాయంత్రం నీడ గడప తాకే వేళకు మలుపులో చప్పుడు వినిపించింది. లేచి దీపం పెట్టాను.

ఐదో క్లాసుతో బడి మానేశాను. నోరు మాత్రం మానలేదు. ఇప్పటికీ అది నన్ను చాలాచోట్ల గట్టెక్కిస్తుంది. మొన్న రేషను షాపులో ఏదో అని అందరినీ నవ్వించి వరసలో ముందుకు దూరాను. బియ్యం సంచి ఎత్తబోతే, చెమటలు కారుతూ బండి తోస్తున్న మా నాయన కళ్ల ముందు మెదిలాడు. సంచి వదిలి, పోయి వరస చివర నిలబడ్డాను.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. రోజూ వాకిట్లో ఎనిమిదే వేస్తాను. వీధి పిల్లలు, ఇంకే ముగ్గూ రాదా అవ్వా అని ఎగతాళి చేస్తారు. ఐదు దాకా చదివి ఎనిమిది వేస్తున్నా, ఇంకేం కావాలి మీకు అంటాను. సాయంత్రం మలుపులో ఎవరిదో ఒక మోపెడ్ వస్తుంది. అది విన్నాకే లైటు వేస్తాను.