మరబూ కంపలో కరెంటు దారి

కరెంటు తీగల కింద మరబూ ముళ్లకంప పెరగకుండా చూడటం సెరాఫిన్ పని. కమగ్వే ప్రాంతపు బయళ్లలో ఒకప్పుడు ఆవులు మేసిన నేలంతా ఇప్పుడు ఆ కంపదే. నరికి వదిలేస్తే వేళ్లలోంచి పదింతలై లేస్తుంది. అందుకే మచ్చుకత్తితో మొదలంటా నరికి, తడి ఆరకముందే ఆ మొద్దుకు మందు పూయాలి. జట్టులోని మిగతావాళ్లు ఒక్కొక్కరే బొగ్గుల బట్టీల్లో పనికి వెళ్లిపోయారు. భార్య పోయాక ఇంట్లోనూ అతనితో మాట్లాడే మనిషి లేదు.

అతనికి అప్పగించిన లైను చివర ఒకే ఒక్క ఇల్లుంది. అది క్లోతిల్దే అనే పెద్దావిడది. చుట్టుపక్కల వాళ్లంతా పట్నాలకు పోయినా ఆవిడ కదల్లేదు. కంప కొట్టుకుంటూ ఆవిడ పెరటిదాకా చేరడానికి సెరాఫిన్‌కు వారాలు పట్టేది. చేరిన రోజున ఆవిడ చిన్న కప్పులో చిక్కటి కాఫీ పోసిచ్చి ఎదురుగా కూర్చునేది.

"ఏవయ్యా, నత్త కూడా నీకన్నా ముందొస్తుంది. నీకోసం పెట్టిన కాఫీ నిన్న నేనే తాగేశాను."

"ముళ్లు దారివ్వొద్దూ అక్కా?"

"నీ మొహానికి ముళ్లేం ఖర్మ, మనుషులే దారివ్వరు. తాగు, చల్లారిపోతోంది."

ఆ తిట్ల కోసమే ఆఖరి స్తంభాల దగ్గర అతని చెయ్యి వేగంగా ఆడేది.

ఒక వానాకాలం మోకాలికి ముల్లు దిగి చీము పట్టింది. సెరాఫిన్ ఆసుపత్రి పాలయ్యాడు. కొట్టేవాడు లేక కంప ఏపుగా లేచి దారిని మూసేసింది, తీగల్ని అందుకుంది. గాలివానకు కొమ్మలు చుట్టుకుని తీగ తెగిపోయింది.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన ఎవరో నిలబడినట్టనిపించి కళ్లు తెరిచాడు. క్లోతిల్దే! చేతులనిండా గీరుకుపోయిన గాట్లు, జుట్టులో ఇరుక్కున్న పుల్లలు. ఆ కంపలోంచే దూరి రోడ్డుదాకా నడిచొచ్చింది.

"కరెంటు పోయిందని చెప్పడానికొచ్చావా అక్కా?"

"కరెంటెవడిక్కావాలి? నువ్వు పోయావేమోనని చూడ్డానికొచ్చా. పోలేదుగా. సరే."

సెరాఫిన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు, కళ్లనీళ్లు ఆవిడ కంటపడకూడదని.

ఒక్క ఇంటికోసం తీగ మళ్లీ వేసేది లేదని కరెంటు ఆఫీసువాళ్లు తేల్చి చెప్పేశారు. ఆవిడ చేతుల మీది గాట్లు చూసి మేనకోడలు గొడవచేసి, నుయెవితాస్ పట్నంలో తన ఇంటికి తీసుకుపోయింది. కుంటుకుంటూ బస్సు దగ్గరికొచ్చిన సెరాఫిన్‌తో ఆవిడ, "వస్తూ ఉండు. అక్కడ కొట్టడానికి కంప ఉండదు, ఏం చేస్తావో మరి!" అంది.

ఒక సెలవురోజున కాఫీ పొట్లం పట్టుకుని వెళ్లాడు. ఇంటినిండా జనం. "ఇదిగో, నా కంప కొట్టేవాడు!" అని ఆవిడ గట్టిగా అరిచి అందరికీ చూపించింది. వాళ్లు నవ్వి, జరిగి చోటిచ్చారు. కాఫీ మేనకోడలు తెచ్చింది. క్లోతిల్దే గది అవతలి కొసన, పక్కింటామెతో ఏదో చెబుతూ కూర్చుంది. ఆ సందడిలో ఒక్కసారి అతనివైపు చూసి ఏదో అంది, వినపడలేదు. అతను తల ఊపాడు. చీకటిపడకముందే బస్సెక్కేశాడు. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడతన్ని పెద్దరోడ్డు అంచున కంప కొట్టే పనికి వేశారు. బస్సు పోతుంటే కిటికీల్లోంచి జనం చూస్తారు. మొదట్లో చెయ్యి ఊపేవాడు. ఈమధ్య దుమ్ము కళ్లలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, అది అణిగాక మళ్లీ పనిలోకి వంగుతున్నాడు.