తాత దాచుకున్న మూల

మా తాత బతుకంతా రేకును గిన్నెగా మార్చే పనిలోనే గడిచింది. అలాగని ఆయన గిన్నెలు చేశాడనుకోకండి. గిన్నెలను నొక్కి తీసే డైలకు డ్రాయింగులు గీశాడు. కింద గుంట ఉన్న డై, పైనుంచి దిగే పంచ్, మధ్యలో రేకు. ప్రెస్సు దిగితే రేకు గుంటలోకి జారి గిన్నె అవుతుంది. చెప్పడానికి ఇంతే. అనుమానముంటే ఒక కాగితాన్ని గిన్నెలోకి పిడికిలితో నొక్కి చూడండి. అంచులు ముడతలు పడతాయి. ముడత పడకుండా గట్టిగా పట్టుకుంటే చిరిగిపోతుంది. ఆ ముడతకీ చిరుగుకీ మధ్య నలభై ఏళ్లు కాపురం చేశాడు మా తాత. తనతో చేసింది అందులో మిగిలిన టైములోనే అంటుంది బామ్మ.

ఎక్కడ ఏ గిన్నె కనిపించినా లోపల బొటనవేలు పెట్టి తడిమి చూస్తాడు. చుట్టాలింట్లో కూడా.

"పరువు తీయకండి. సరిగ్గా కడగలేదంటున్నారనుకుంటారు" అని బామ్మ మొత్తుకుంటుంది.

కంపెనీలోకి సాఫ్ట్‌వేరు వచ్చింది. పాత్ర కొలతలు ఇస్తే చాలు, రేకును ఎన్ని దెబ్బల్లో గుంటలోకి లాగాలో, డై ఎంతుండాలో తేల్చి డ్రాయింగు కూడా అదే గీసిస్తుందట. దానికి పాఠాలు చెప్పమని తాతను ఒక అమ్మాయి పక్కన కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి మర్యాదగా అడిగేది, తాత చెప్పేవాడు. ఒక్కటి తప్ప అన్నీ.

ఆ ఒక్కటి నాకు చెప్పాడు. నలుచదరపు డబ్బా లాగాలంటే రేకు మూలలు ముందే కత్తిరించాలని అందరికీ తెలుసు. ఏ వంపులో కత్తిరిస్తే చిరగదో తాత చేతికే తెలుసు.

"ఇది నా కడుపులో ఉన్నంతకాలం నా కుర్చీ కదలదే. నా తర్వాత అది నీదే. చదువు ఎలాగూ నీ వంక చూడలేదు."

"నేనూ దాని వంక చూడలేదు తాతా. చెల్లుకు చెల్లు."

"నోరు మూసుకుని కత్తెర పట్టు."

రోజూ సాయంత్రం అట్టముక్కల మీద పాఠం. ఎంత బాగా కత్తిరించినా "ఎలక కొరికినట్టుంది" అనేవాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ నోటి నుంచి ఎవరూ విన్న పాపాన పోలేదు.

సాఫ్ట్‌వేరు గీసిన డబ్బా ట్రయల్ నాడు నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి షెడ్డు గుమ్మంలోనే నిలబడిపోయాను. తాత చేతులు వెనక్కి కట్టుకుని, బామ్మ దాచిన చక్కెర తిన్నప్పటి అమాయకపు మొహం పెట్టుకుని ప్రెస్సు పక్కన ఉన్నాడు. రేకు చిరిగితే గుడ్డ చింపినట్టు చప్పుడొస్తుంది. ఇద్దరం దానికోసమే చెవులు రిక్కించాం.

ప్రెస్సు దిగింది, లేచింది. చప్పుడు రాలేదు. డబ్బా నాలుగు మూలలూ నున్నగా బయటికొచ్చింది.

తాత బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు. తర్వాత, పక్కన దొంతరగా ఉన్న ఇంకా నొక్కని రేకుల వైపు చూశాడు. మూలల్లో అదే వంపు.

"ఈ మూల ఎవరు చెప్పారమ్మా?" అని సాఫ్ట్‌వేరు అమ్మాయిని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు మేస్త్రిగారూ. వేల రకాలుగా లోపల్లోపలే నొక్కి చూసుకుని అదే తేల్చుకుంది. మీరు చెప్పడం మర్చిపోయారనుకున్నా."

"అవునమ్మా, మర్చిపోయాను. వయసు."

యజమాని వచ్చి తాత భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక విశ్రాంతి తీసుకోండి మేస్త్రీ. అప్పుడప్పుడూ వచ్చి పోతుండండి."

ఎంత తియ్యగా అన్నాడంటే, అది వెళ్లిపొమ్మనడమని సైకిలు దాకా వచ్చాక గాని మాకు తగల్లేదు. తాత కుర్చీ పోయింది. నేను కూర్చోకుండానే నాదీ పోయింది. క్యారేజీ ఇంకా నా చేతిలోనే ఉంది.

డబ్బాను ఇంటికి తెచ్చాడు. బామ్మ అందులో బట్టల సబ్బు పెట్టి, "ఇన్నాళ్లకు పనికొచ్చేది ఒకటి తెచ్చారు" అని, ఆయన మొహం చూసి మిగతాది మింగేసింది.

సాయంత్రం తాత పిలవలేదు. నేనే అట్టముక్క, కత్తెర తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. కావాలనే మూలను అడ్డదిడ్డంగా, ఎలకే సిగ్గుపడేలా కత్తిరించి చేతికిచ్చాను. ఇక తిట్లు మొదలవుతాయని చూస్తున్నాను.

తాత దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"బాగానే ఉందిలే" అన్నాడు.