ట్రేడ్ వార్తకి పగిలిన తలుపు

లాక్‌డౌన్‌లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం: నేను, హైదరాబాద్ ఇమ్రాన్, కరీంనగర్ సందీప్. ముగ్గురం ఒకే అమెరికన్ బాస్కెట్‌బాల్ టీమ్‌కి ఫ్యాన్స్. ఈ మధ్యాహ్నం మా టీమ్ వేరే టీమ్‌తో ట్రేడ్ చేసి, బుట్ట దగ్గర ఆడే పొడుగాటి పాత సెంటర్‌ని ఇచ్చేసి, దూరం నుంచి బంతి వేసే ఒక కుర్ర షూటర్‌ని తెచ్చుకుందని వార్త వచ్చింది.

"మంచి పని చేసిన్రు. ఇగ పాయింట్లే పాయింట్లు," అన్నాడు సందీప్.

"దిమాక్ ఉందారా? అంత పొడుగోన్ని పంపిస్తే బుట్టకి తగిలి ఎగిరొచ్చే రీబౌండ్లు ఎవడు పడతడు, మీ తాతనా?" అన్నాడు ఇమ్రాన్.

సందీప్ వాళ్ల తాత పోయిన నెలే కరోనాతో చనిపోయాడు. విమానాలు లేక వీడు వెళ్లలేకపోయాడు. నోరు జారాక గానీ ఇమ్రాన్‌కి ఆ సంగతి గుర్తురాలేదు. అప్పటికే సందీప్ వాడి గొంతు పట్టుకుని వంటగది గాజు తలుపుకేసి కొట్టాడు. అద్దం పగిలి ఇమ్రాన్ మోచేయి చీరుకుపోయింది. అయినా సందీప్ వాడి ముఖం మీద గుద్దుతూనే ఉన్నాడు. విడదీయబోతే నా పెదవి చిట్లింది. నేలంతా రక్తం కనబడ్డాకే వదిలాడు. ఇమ్రాన్ ఒక్కసారి కూడా తిరిగి చెయ్యెత్తలేదు.

ఆస్పత్రిలో కుట్లు వేస్తూ డాక్టర్ ఎవరు కొట్టారని అడిగితే, జారిపడ్డానని ఇమ్రాన్ చెప్పాడు. కరోనా వల్ల తోడు ఒక్కరినే రానిచ్చారు, నేను వెళ్లాను. మేం బయటికొచ్చేసరికి సందీప్ చలిలో నిలబడి ఏడుస్తున్నాడు.

"మాఫ్ చెయ్ రా, తాత మాట అనొద్దుండె," అన్నాడు ఇమ్రాన్.

అసలు ఆ ఆటగాళ్లిద్దరికీ మేమున్నామనే తెలియదు. మీరూ ఎవరి కోసమైనా ఇలా కొట్టుకుని ఉంటే చెప్పండి, మాకు కాస్త సిగ్గు తగ్గుతుంది.