ఊరిగాంలో తీసిన ఫోటో

కోలారులో ఫోటోగ్రఫీ చదివే రోజుల్లో, 'గని మనుషులు' అనే అంశం మీద ఫోటోలు తీయడానికి బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఊరిగాం వెళ్లాను. గనులు మూతపడి అప్పటికే చాలా ఏళ్లయింది. ఒక ముసలాయనను గుమ్మం ముందు నిలబడమన్నాను. ఆయన కేక వేయగానే వీధిలోని పాత కార్మికులంతా ఉతికిన చొక్కాలు తొడుక్కుని వచ్చి వరుసగా నిలబడ్డారు.

"మైను మళ్లా తెరిచేదానికేనామ్మా ఈ ఫోటోలు? మా పిల్లోళ్లకు పని ఇస్తారా?" అని ఒకాయన అడిగాడు.

"కాదు తాతా, నా చదువు కోసం," అన్నాను.

ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే ఇళ్లలోకి వెళ్లిపోయారు. ముసలాయన మాత్రం కదల్లేదు.

"నాది తీసుకోమ్మా. నీ చదువుకైనా పనికొస్తాను," అన్నాడు.

తీశాను. నవ్వమని అడగలేకపోయాను. వాళ్లలో ఎప్పుడో చచ్చిపోయిన ఆశ నా కెమెరాను చూసి లేచింది, నా మాటతోనే మళ్లీ పోయింది. ఆ బాధ నాకిప్పటికీ తీరలేదు.