మగ్గం గుంటలో ఎనిమిదో నెల

నేను మూడో తరగతి వరకే చదివాను. ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. రాత బాగా లేదని నవ్వకండి.

మాది నల్లగొండ దగ్గర ఒక నేత ఊరు. మా ఆయన సాగర్ కట్ట పనికి వెళ్లిన ఏడాదే నాకు మొదటి కడుపు. మగ్గం మీద సగం నేసిన చీర ఉండిపోయింది. అత్తకు చూపు తగ్గి నూలు కండెలు చుట్టడమే చేతనయ్యేది. అందుకని నేనే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. అడుగున రెండు తొక్కుడు చెక్కలుంటాయి. ఒక కాలు నొక్కితే ఇంకో కాలు లేవాలి.

ఏడో నెల దాటాక గజ్జల్లో నొప్పి మొదలైంది. చెక్క తొక్కినప్పుడల్లా తొడల మధ్య ఎముకను కట్టెలా చీలుస్తున్నట్టుండేది. పక్క మీద పొర్లాలంటే పళ్లు కరుచుకోవాలి. గడప దాటాలంటే కాలిని చేత్తో ఎత్తి అవతల పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ బతకదని మా దగ్గర అందరూ అనేవాళ్లు. నొప్పి అంటే కాన్పే అనుకున్నాను. నోరు తెరిస్తే బిడ్డ పోయినట్టేనని నా భయం.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం గుంటలోంచి లేవబోతే కాళ్లు రాలేదు.

"ఏందే పిల్లా, మగ్గంల నాడె సప్పుడు ఆగింది? నిద్రవోతున్నవా?" అంది అత్త.

"అత్తా, కాలు లేస్తలేదు."

"మేం గనలేదా? నేను పొద్దుగాల నేసి మాపటికి కన్న..." అంటూ దగ్గరికి వచ్చి నా మొహం తడిమింది. చెమటకు చెయ్యి తడిసింది. "అయ్యో, ఎనిమిదో నెలనే! కదలకు బిడ్డా!" అని మంత్రసాని కోసం గోడలు పట్టుకుంటూ పోయింది.

నేను ఒక్కదాన్నే గుంటలో ఉండిపోయాను. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. కదలిక లేదు. చాలాసేపు లేదు. తర్వాత ఒక్క తన్ను. మళ్లీ ఏమీ లేదు.

మంత్రసాని వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది.

"మెత్తగనే ఉంది. కాన్పు నొప్పులైతే కడుపు రాయి లెక్క బిగుస్తది. ఇవి గవి కావు. తుంటి కీళ్లు సడలినయ్, గంతే." తర్వాత గుంటలోకి తొంగి చూసింది. "గీ గుంట ఎవరి కాళ్లకు తవ్విన్రు?"

"నా కొడుకు కాళ్లకు," అంది అత్త.

"గింత పొట్టి పిల్లను ఒంటె లెక్కున్నోని గుంటల కూసోబెట్టినవా? చెక్క అందక రోజంతా తొడలు సాపుతాంది!"

ఆ సంగతి అప్పటిదాకా మాకిద్దరికీ తట్టలేదు.

మోకాళ్లు రెండూ కలిపి పెట్టమని చెప్పి, నా చంకల కింద చీర వేసి ఇద్దరూ పైకి లాగారు. నేను అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు వచ్చారు. మంత్రసాని తుంటి చుట్టూ గుడ్డ బిగించి కట్టింది. "కూసున్నా లేసినా రెండు కాళ్లు కలిపే తిప్పు. గుంట దిక్కు పోకు."

"మగ్గం మీది చీర గట్లనే ఉండనీ," అంది అత్త.

నొప్పి మాత్రం పోలేదు. ఇంట్లో పాకుతూ తిరిగాను. తొమ్మిదో నెల వచ్చేదాకా రోజూ పొద్దున కడుపులో తన్ను తగిలితేనే లేచేదాన్ని. నెలలు నిండాకే కాన్పయింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని వీపు మీద రెండు చరిచాక ఏడ్చింది. అప్పుడు నేనూ ఏడ్చాను.

ఇంతకంటే రాయడం నాకు రాదు. తప్పులున్నచోట మీరే దిద్దుకుని చదవండి, నన్ను క్షమించండి.